కెప్టెన్‌గారి పక్క కుర్చీ

ఆ ఉదయం భోజనాల బల్ల మీద కంచాలకు చోటు లేదు. కూతురు రెండు మామూలు కంప్యూటర్లు, రెండు చవకరకం జాయ్‌స్టిక్‌లు పరిచేసింది. పైలట్లకు ఒకరి మాట ఒకరు వినడం నేర్పడానికి ఆమె తయారుచేసిన శిక్షణ అది. విమాన సంస్థలో కెప్టెన్, శిక్షణాధికారి కూడా అయిన తండ్రి సరేనంటేనే ఆమె ఇన్నాళ్ళ కష్టం ఫలిస్తుంది.

"ఇది పిల్లలాట తల్లీ. కోట్లు పోసి కొన్న, అచ్చం విమానంలాంటి సిమ్యులేటర్ ఉండగా దీనికి ఒప్పుకుంటే నలుగురూ నవ్విపోతారు," అన్నాడు కెప్టెన్.

"విమానం నడపడం మీకు నేనేం నేర్పుతాను నాన్నా? పక్కవాళ్ళతో ఎలా పనిచేస్తారో చూద్దామని. ఒక్కసారి కూర్చోండి."

పక్క కుర్చీలో అల్లుణ్ణి కూర్చోబెట్టింది. అతను కో-పైలట్. మామగారి ఎదుట తుమ్మడానికి కూడా మొహమాటపడే రకం.

తెర మీద జోరువాన. ఒక ఇంజన్లో మంట. దాన్ని ఆర్పే హడావుడిలో కెప్టెన్ మిగతావి మరిచిపోయాడు. రన్‌వే దగ్గరపడింది.

"మావయ్యగారూ... చక్రాలు ఒకసారి..." అని నసిగాడు అల్లుడు.

"నువ్వుండవయ్యా! నాకు తెలుసు."

అల్లుడు ఊరుకున్నాడు. విమానం పొట్ట మీద దిగి ముక్కలైంది.

"చక్రాలు దిగలేదని చూశావా?" కెప్టెన్ విరుచుకుపడ్డాడు.

"చూశానండీ."

"చూసి కూడా బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావా!"

కూతురు అప్పటిదాకా కంప్యూటర్లో రికార్డయిన మాటలు మళ్ళీ పెట్టింది. 'నువ్వుండవయ్యా!' ఆ కసురు గదంతా వినిపించింది. తన గొంతు అంత మొరటుగా ఉంటుందని కెప్టెన్‌కి ఇన్నేళ్ళుగా తెలియదు.

"మీకు కొత్తేమో గానీ, ఈ ఇంట్లో ఎవరికీ కొత్త కాదు," వంటింటి గుమ్మంలోంచి భార్య అంది.

ఆయన ముఖం మాడిపోయింది. పక్కన కూర్చున్నవాళ్ళు నమ్మకంతో ఊరుకున్నారనుకున్నాడు ఇన్నాళ్ళూ. భయపడి ఊరుకున్నారు. నిజం విమానాల్లో, వెనక అంతమంది ప్రయాణికులుండగా!

"తప్పు నాదే నాయనా," అన్నాడు అల్లుడితో. కూతురి వైపు తిరిగి, "నీ శిక్షణ మొదలుపెట్టమ్మా. ముందు నాకే కావాలి," అన్నాడు.

తర్వాత గుమ్మం వైపు చూడటానికి చాలా ధైర్యం కావాల్సి వచ్చింది.

"నిన్నూ ఎన్నోసార్లు నోరెత్తనివ్వలేదు. ఇప్పుడు చెప్పు. వింటాను."

ఆమె పొయ్యి కట్టేసి వచ్చింది. అల్లుడు లేచి ఇచ్చిన కుర్చీలో కూర్చుంది.

"ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు?"

కెప్టెన్ రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చేశాడు.