అరవై నాలుగు అంటే ఎంత?

మొదటివాడు లోయలో పడినప్పుడు బ్రేకులు ఫెయిలన్నారు. రెండోవాడు పడినప్పుడూ అదే రాశారు. మూడోవాడు కూడా పడ్డాక డిపార్టుమెంటు ఉలిక్కిపడి లేచి, ఆ రెండు మాటలనే నాలుగు పేజీలకు సాగదీసి, పైన ‘అతి రహస్యం’ అని ముద్ర కొట్టింది. ముగ్గురూ ఒకే విదేశీ ముఠా మీద సాక్ష్యం చెప్పాల్సినవాళ్లు. ముగ్గురూ ఒకే ఘాట్ రోడ్డు దిగుతూ పోయారు.

నాలుగో సాక్షి ఈ ఉదయం బయలుదేరుతోంది.

“కారు క్లీన్,” అన్నాడు చీఫ్, మీసం సర్దుకుంటూ. “మన ఎక్స్‌పర్టు కొత్త మెషీన్ పెట్టి రెండు గంటలు చూశాడు. ఒక్క ఫాల్టు లేదు.”

“ఆ మెషీన్ కారుని ఏమడిగింది సార్?”

“అడగడమేంటయ్యా? చూసింది!”

అందరూ తుప్పు అని పిలిచే ఆ ఏజెంటు నవ్వు మింగాడు. పదేళ్లు డిపార్టుమెంటు గ్యారేజీలో కార్ల కింద పడుకుని తర్వాత ఏజెంటైన మనిషి. ఆ పేరు ఎగతాళికి పెట్టిందే. కారులోని కంప్యూటర్లు అడిగినదానికే జవాబిస్తాయని అతనికి తెలుసు. ఫ్యాక్టరీ నేర్పిన ప్రశ్నలు తప్ప మెషీన్‌కి మరొకటి రాదు. చీఫ్‌కి అవి కూడా రావు.

“ముఠా మెసేజ్ పట్టాం,” చీఫ్ గొంతు తగ్గించాడు. “‘అరవై నాలుగు చేరగానే పని అయిపోతుంది.’ అర్థమైందా? అరవై నాలుగో కిలోమీటరు రాయి! నలభై మందితో అక్కడ పొదల్లో నేనే ఉంటా. నువ్వు కార్లో కూర్చో. టైరు పంక్చరైతే పనికొస్తావు.”

కింద క్యాంటీన్‌లో కాఫీ తీసుకుంటుంటే పక్కన రేగుపండు రంగు కోటు ఆగింది. సెంటు వాసన ముందు వచ్చింది, మాట తర్వాత.

“వైపర్లు బాగా పనిచేస్తున్నాయా?”

“వానొస్తే చెబుతా,” అన్నాడు తుప్పు. కోడ్ సరిపోయింది. కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

ఆఫీసు ఫైళ్లలో ఆమె పేరు ‘డబుల్ డెక్కర్’. ఇటు జీతం, అటు జీతం. ఏడేళ్ల క్రితం ఇద్దరూ కలిసి వెళ్తున్న రైలు ఒక స్టేషన్లో ఆగితే, టీ తెస్తానని అతను దిగి వచ్చేలోపు ఆమె సీటు ఖాళీ. డ్యూటీ మీద అటు వెళ్లిందో, అటే వెళ్లిపోయిందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.

“రాయీ కాదు, రప్పా కాదు,” అందామె అద్దంలో లిప్‌స్టిక్ చూసుకుంటూ. “బ్రేక్ కంప్యూటర్ లోపల ఇంకో పెట్టె కూర్చోబెట్టారు. బ్రేక్ ఆయిల్ వేడిని చూస్తూ ఉంటుంది. అరవై నాలుగు చేరగానే బ్రేకులు వదిలేసి, స్టీరింగ్ బిగించేస్తుంది. ఇదిగో ఆ కంప్యూటర్ అడ్రసు, వేడి ఎంతో అడిగే కమాండు.”

టిష్యూ పేపరు మీద రెండు వరుసల అంకెలు.

“నిన్నెందుకు నమ్మాలి?”

“నమ్మకు. చూసుకో.” కోటు కదిలిపోయింది. ఈసారీ వెళ్లొస్తానని అనలేదు.

తుప్పు ఫోన్ చేస్తే చీఫ్ పొదల్లోంచి విరుచుకుపడ్డాడు. “ఆ డబుల్ డెక్కర్ మాట విని కారు ఆపాలా? నోర్మూసుకుని కూర్చో!”

కారు కదిలింది. డ్రైవరు పక్కన తుప్పు, వెనక సీట్లో సాక్షి. ముఠాకి పన్నెండేళ్లు అనువాదాలు చేసిన పెద్దావిడ, ఒళ్లో చిన్న సంచి. మూడేళ్లుగా అజ్ఞాతంలో ఉంది.

“మా అమ్మాయి కోర్టు మెట్ల దగ్గర నిలబడతానంది బాబూ,” అందామె. “మూడేళ్లయింది. వచ్చేసేటప్పుడు అది నిద్రలో ఉంది. లేపలేదు. లేపితే రాలేననిపించింది.”

“పదకొండుకల్లా అక్కడుంటాం పిన్నిగారూ.”

స్టీరింగ్ కింద సాకెట్లో కారు కంప్యూటర్లతో ఫోన్‌ని కలిపే బొటనవేలంత అడాప్టర్ గుచ్చి, తుప్పు ఫోన్‌లో యాప్ తెరిచాడు. కస్టమ్ సెన్సర్, అంటే మన ప్రశ్న మనమే రాసుకునే పేజీ. ఖాళీ గళ్లు. పేరు: బ్రేక్ ఆయిల్. కమాండ్ కొట్టాడు. టెస్ట్ నొక్కాడు. ‘నో డేటా’.

“ఫోన్‌తో ఆటలాడుకోడానికి తీసుకొచ్చారా నిన్ను?” డ్రైవరు పళ్లికిలించాడు.

“రోడ్డు చూడు బావా, లోయ కూడా చూడాల్సొస్తుంది లేకపోతే.”

తప్పు దొరికింది. అడ్రసు గడిలో ‘ఆటో’ అని ఉంది. అలా వదిలేస్తే యాప్ ఇంజిన్ కంప్యూటర్నే అడుగుతుంది. ఇంజిన్‌కి బ్రేక్ ఆయిల్ గొడవేం తెలుసు? టిష్యూ మీది అడ్రసు కొట్టాడు. టెస్ట్. జవాబు వచ్చింది. ఆమె అబద్ధం చెప్పలేదు!

ఫార్ములా గడిలో ‘A మైనస్ 40’ కొట్టాడు, A అంటే కారు పంపిన అంకె. సున్నాకి దిగువ చలిని కూడా చెప్పగలగాలని సెన్సర్లు వేడికి నలభై కలిపి పంపుతాయి. ఆ నలభై మనం తీసేసుకోవాలి. డయల్ వెలిగింది: 31 డిగ్రీలు. అలారం గడిలో 64 పెట్టాడు.

ఘాట్ మొదలైంది. ప్రతి మలుపులో డ్రైవరు బ్రేకు మీదే నిలబడుతున్నాడు. నెమ్మదిగా నడపమని చీఫ్ ఆర్డరు. నెమ్మది అంటే బ్రేకు, బ్రేకు అంటే వేడి. ఇంత తెలివైన ఆర్డరు ముఠా వాళ్లు బతిమాలినా ఇంకెవరూ ఇవ్వరు.

40. 48. 55.

“బ్రేకు తగ్గించు. గేరు దించు,” అన్నాడు తుప్పు.

“ఆర్డరు నలభై స్పీడు! నా ఉద్యోగం నువ్విస్తావా?”

58. ఇంకా ఆరు డిగ్రీలుందని తుప్పు లెక్కేసుకున్నాడు. ఎందుకైనా మంచిదని టెస్ట్ పేజీ తెరిచాడు. అక్కడ యాప్ వండి వడ్డించిన అంకె ఉండదు, కారు పంపిన పచ్చి జవాబే ఉంటుంది. చివరి రెండు అంకెలు చూశాడు. 62.

డయల్ మీద 58. ఇక్కడ 62. ఏమిటీ తేడా?

చూస్తుండగానే డయల్ 59 అయింది. పచ్చి జవాబు 63.

అప్పుడు వెలిగింది. కంప్యూటర్లది పదహార్ల లెక్క, ఎడమ అంకె పదులు కాదు, పదహార్లు. యాప్ మనకోసం గుట్టుగా పదుల్లోకి మార్చి పెడుతుంది కాబట్టి మనిషికి అది గుర్తుకే రాదు. ముఠా పెట్టె మనిషి కాదు, చూసేది పచ్చి జవాబునే. అందులో 64 అంటే ఆరు పదహార్లు తొంభై ఆరు, పైన నాలుగు, వంద. నలభై తీస్తే అరవై.

అరవై నాలుగు డిగ్రీలు కాదు. అరవై. ఒక్క డిగ్రీ మిగిలింది!

“కాలు తియ్! బ్రేకు మీంచి కాలు తియ్!”

“మలుపుందిరా నాయనా!”

తుప్పు వంగి డ్రైవరు మోకాలు పట్టి లాగేశాడు. కారు విల్లు వదిలిన బాణంలా దూకింది. ఇంజిన్ ఆపేద్దామని డ్రైవరు తాళంచెవి వైపు చెయ్యి చాచాడు.

“ముట్టుకున్నావంటే స్టీరింగ్ మనమే బిగించుకున్నట్టు! రెండో గేరు!”

ఇంజిన్ అరిచింది. టైర్లు కీచుమన్నాయి. పెద్దావిడ అరవలేదు. సంచిని గుండెకదుముకుని కూతురి ముద్దుపేరు పలుకుతూ ఉంది. తుప్పు ఫోన్ వదల్లేదు.

63. 63. 63.

కారు రెండు మలుపులు కొండని రాసుకుంటూ తిరిగింది. మూడో మలుపు బండకి అద్దం సమర్పించుకుని తిరిగింది.

62.

మలుపులు అయిపోయాయి. తిన్నని దిగుడులో మూడో గేరు, నాలుగో గేరు. అరవై నాలుగో రాయి దగ్గర నలభై మంది మెరికలు పొదల్లోంచి లేచేసరికి కారు దాటిపోయింది. ఎదురెక్కుడులో దానంతటదే నీరసపడి ఆగింది. తుప్పు అప్పుడు తాళంచెవి పీకాడు. ఆ చెయ్యి చాలాసేపు తెరుచుకోలేదు.

చీఫ్ కారులోనే సాక్షిని కోర్టుకి చేర్చారు. మెట్ల మీంచి ఒకమ్మాయి చెప్పులొదిలేసి పరుగెత్తుకొచ్చింది. తుప్పు తల తిప్పుకున్నాడు. అలాంటివి చూడటం అతనికి చేతకాదు.

లోపల పెద్దావిడ పదకొండు పేర్లు చెప్పింది. ఐదోది, కొత్త మెషీన్ పెట్టి కారు చూసిన ఎక్స్‌పర్టుది.

సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోన్.

“పదహార్ల లెక్కని చెప్పలేదేం?” అడిగాడు తుప్పు.

“నువ్వు మెకానిక్‌వి. నీకు చెప్పాలా?” అందామె. నవ్విందో, ఏడ్చిందో. లైను తెగిపోయింది. తిరిగి చేస్తే ఆ నంబరు లేదంది.

వారానికి మెచ్చుకోలు వచ్చింది, చీఫ్‌కి. డ్రైవరు అతని పేరే చెప్పడంతో తుప్పుకి వచ్చింది ట్రాఫిక్ వాళ్ల నోటీసు: ఘాట్ అడుగున గంటకి నూట పన్నెండు కిలోమీటర్ల వేగం, సంజాయిషీ ఇవ్వాలి. తుప్పు దాన్ని రెండుసార్లు శ్రద్ధగా చదివాడు. ఆ రోజు మొత్తం ప్రభుత్వంలో లెక్క సరిగ్గా చూసింది రోడ్డు పక్క స్తంభానికి వేలాడే ఆ కెమెరా ఒక్కటే.