పినాకినిలో కొంగ

ఆయుధపూజ నాడు గూఢచారి దేనికి బొట్టు పెట్టాలి?

ఉద్యోగంలో చేరిన ఏడాది ఆదినారాయణప్పకి పుట్టిన ఈ అనుమానం ఇప్పటికీ తీరలేదు. కమ్మరి సుత్తికి పెడతాడు. డ్రైవరు స్టీరింగుకి పెడతాడు. మరి ఆయన పనిముట్టు అబద్ధం. పొద్దున ఒక పేరు, సాయంత్రం ఇంకో పేరు. దాన్ని పీట మీద పెట్టి పసుపు ఎలా పూసేది? భార్య భాగీరథమ్మకి తెలిసినంతవరకు ఆయన ఏసీ మెకానిక్. ఏటా స్పానర్ల సంచీని దేవుడి ముందు పెట్టి బొట్టు పెట్టేది. ఆయన దండం పెట్టేవాడు. ఆ దండం పైదాకా చేరుతుందా, అడ్రసు తప్పు అని తిరిగొస్తుందా? పురోహితుణ్ణి అడుగుదామంటే ముందు ఉద్యోగమేమిటో చెప్పాలి.

ఈ ఏడూ అంతే. సంచీ పీటెక్కింది, హారతి వెలిగింది, ఫోన్ మోగింది.

"చిక్కపేటకి రా. అర్జెంట్."

"పండగ పూట ఎవరింట్లో ఏసీ చెడిపోయిందంట?" భాగీరథమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "పోతే పో. సంచీ మాత్రం ముట్టొద్దు. పూజలో పెట్టింది రేపటి దాకా కదపకూడదు."

పనిముట్లు లేని మెకానిక్‌గా టిఫిన్ బాక్సు ఒక్కటీ పట్టుకుని ఆయన మెట్రో ఎక్కాడు.

బెంగళూరు చిక్కపేట సందులో పట్టుచీరల హోల్‌సేల్ దుకాణం. గుమ్మానికి అరటి పిలకలు, గల్లాపెట్టెకి పూలదండ.

"ధర్మవరంలో బూడిద రంగు ఉండాదా?"

"దసరాకి బూడిద రంగు అమ్మం."

"అయితే దీపావళికి వస్తా."

కొట్టతను కళ్ళతోనే మెట్లు చూపించాడు. కోడ్ సరిపోయింది. పోయినసారి కోడ్ మారిన సంగతి ఎవరూ చెప్పకపోతే, ఆదినారాయణప్ప రెండు చీరలు కొనుక్కుని బయటపడ్డాడు. అవి ఎవరికోసం కొన్నాడో భాగీరథమ్మ నేటికీ అడుగుతూనే ఉంది.

పై గదిలో చీఫ్ మోహన్‌కుమార్ ఉన్నాడు. పక్కన నల్ల కళ్ళద్దాలు, నెమలి కంఠం రంగు పట్టుచీర, గదంతా పరిమళం. అంబిక. వెల్డోరా దేశానికి ప్రచార మేనేజరు. అక్కడ చాటుగా పనిచేసే కొంగ అనే ముఠాకి ఏజెంటు. ఆ ముఠా రహస్యాలు మనకి చేరవేసే డబుల్ ఏజెంటు. ఇన్ని ఉద్యోగాలు చేస్తూ కాటుక చెదరని మనిషి.

"బాగుండావా అప్పా?" అంది.

"దేవుడి దయ."

మోహన్‌కుమార్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. "యూరప్ కంపెనీ తన కంప్యూటర్ పని బెంగళూరుకి పంపితే ఆఫ్‌షోర్. పక్క దేశానికిస్తే నియర్‌షోర్. వెల్డోరా అట్లాంటి పక్క దేశం. అదే టైమ్ జోన్, రెండు గంటల ఫ్లైట్, 'మాకివ్వండి' అని పిలుస్తా ఉండాది. ఈ రోజు దేవనహళ్ళి ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్లో వాళ్ళ ప్రచార సభ, రోడ్‌షో."

"పిలుచుకోవడం తప్పు కాదు కదా సార్?"

"కాదు. మనమూ పిలిచే పెద్దయినాం. తప్పంతా ఆ పిలుపు చాటున దాక్కున్న కొంగది. వాళ్ళ మనిషి ప్రొఫెసర్ వోస్ స్టేజి మీద ఉంటాడు. ఎదురుగా యూరప్ ఆసుపత్రుల పెద్దలు కూర్చోనుంటారు. ఆ ఆసుపత్రుల సిస్టమ్ నడిపేది మన కె.ఆర్.పురంలోని పినాకిని కంపెనీ. మధ్యాహ్నం పన్నెండుకి ఆ లింకు తెగుతుంది. అందరూ స్క్రీన్ మీద చూస్తారు. 'బెంగళూరు దూరం, నమ్మొద్దు' అంటాడు వోస్."

"తెగితే?"

"ఆపరేషన్ టేబుల్ మీద పడుకున్నోడికి ఏ రక్తం ఎక్కించాలో డాక్టరుకి కనపడదు."

ఆదినారాయణప్పకి ఆ టేబులే కళ్ళ ముందు కనపడింది. అంత దూరాన, మత్తులో పడుకున్న మనిషి ఒకడు. వాడికి కె.ఆర్.పురం పేరు కూడా తెలియదు.

"తెంపేది ఒక పెట్టె," అంది అంబిక. "రెండు నెలలుగా సర్వర్ రూములోనే ఉండాది. ఏ మూలనో నాకు చెప్పలేదు."

"రోడ్‌షో ఆపించొచ్చు కదా సార్?"

"ఢిల్లీ పర్మిషన్ కావాల. వెల్డోరా ఎంబసీకి ఈ సంగతేమీ తెలీదు. ఇదిగో, స్కానర్." అచ్చం బీపీ మిషన్‌లా ఉంది. "పెట్టె దగ్గరికి పోతే నంబర్ పెరుగుతుంది."

కె.ఆర్.పురం స్టేషన్ బయట ప్రతి లారీకీ దండ, ప్రతి ఆటో ముందూ పగిలిన బూడిద గుమ్మడికాయ. జారుతూ, తిట్టుకుంటూ, తిట్టినందుకు లెంపలేసుకుంటూ ఆయన పినాకిని గేటు చేరాడు.

సెక్యూరిటీ గార్డు పెద్దమునియప్ప ఆయన చేతిలో టాబ్లెట్ పెట్టాడు. "ఫైర్ సేఫ్టీ వీడియో చూడాల సార్. తర్వాత క్విజ్."

"అర్జెంటప్పా. ఏసీ ఆగిపోయింది."

"అందరికీ అర్జెంటే. సుమ్నే, ఊరికే అట్ల కూర్చోని చూడండి."

చూశాడు. మంట అంటుకుంటే లిఫ్టు ఎక్కాలా, మెట్లు దిగాలా అని అడిగింది. కంగారులో లిఫ్టు నొక్కాడు. వీడియో మళ్ళీ మొదలైంది.

"ఇంతమంది వస్తారు, లిఫ్టు నొక్కినోణ్ణి మిమ్మల్నే చూసినా," అన్నాడు పెద్దమునియప్ప.

సర్వర్ రూములో ఆ రోజు డ్యూటీలో ఉన్నది ఒక్కతే. పేరు సంధ్య. చేతిలో అరిటాకు ముక్క మీద కేసరిబాత్. ఏసీ మెకానిక్ గుర్తింపు కార్డు కింద రెండో కార్డు చూడగానే కేసరిబాత్ పక్కన పెట్టేసింది.

గది చలికి వణికిస్తోంది. వరసలుగా నల్లటి రాక్‌లు, వాటి నిండా పెట్టెలు, పచ్చ దీపాలు. రెండు నెలలు దాటిన సామానంతా ఒక్కొక్కటీ దగ్గరికెళ్ళి స్కానర్ పెట్టాడు. నంబర్ కదల్లేదు. ఎక్కడ పెట్టినా నూట అరవై, వంద. గోడకి పెట్టినా అంతే. కేసరిబాత్‌కి పెట్టినా అంతే.

"సార్, ఆ పట్టీ మీ చేతికే చుట్టుకోనుండాది," అంది సంధ్య. "అది నిజం బీపీ మిషన్. మా తాత దగ్గర ఉండాది. మీకు బీపీ ఉండాది సార్."

మోహన్‌కుమార్‌కి ఫోన్ చేశాడు.

"ఒరిజినల్ స్కానర్ ఢిల్లీలోనే ఉండిపోయిందంటప్పా. కనుక్కుంటా ఉండా. హోల్డ్‌లో పెట్టినారు."

ఫోన్లోంచి సన్నాయి మోగింది. ఆదినారాయణప్పకి ఏడుపొచ్చినంత పనైంది. దేశం కోసం ప్రాణమివ్వమంటే ఇచ్చేవాడు. క్విజ్ రాయమంటుంది. హోల్డ్‌లో ఉండమంటుంది.

సంధ్య లాప్‌టాప్‌లో రోడ్‌షో లైవ్ వస్తోంది. వోస్ సన్నగా, పొడుగ్గా, తెల్లసూటులో ఉన్నాడు. ముఠాకి కొంగ అనే పేరు ఊరికే రాలేదు. "మిత్రులారా, పొరుగువాడు నిమిషంలో వస్తాడు. దూరపువాడు?" అని ఆగి నవ్వాడు. గోడ గడియారంలో ముళ్ళు రెండూ ఒకదానిమీదొకటి ఎక్కబోతున్నాయి.

ఇక దిక్కు తోచక ఆదినారాయణప్ప మొదటి రాక్ ముందు చేతులు జోడించాడు. పండగకి సెలవని నిన్ననే ఆఫీసులో పూజ చేసేశారు. రాక్‌కి చామంతి దండ ఉంది, కింద అమ్మవారి పటం ఉంది, పటం ముందు పళ్ళెంలో ఆఫీసు స్క్రూడ్రైవర్లు, ప్లయర్లు. అమ్మా, నా దండం నీకు చేరుతుందో లేదో నాకు తెలీదు. ఆ మత్తులో ఉన్నోడి తరఫున పెడతా ఉండా. ఇదైనా తీసుకో.

కళ్ళు తెరిచాడు. పెట్టె పెట్టెకీ పసుపు చుక్క, దాని మీద కుంకుమ. పేరంటానికి బారులు తీరి కూర్చున్నట్టున్నాయి. మూడో రాక్ అడుగున ఒక్కదాని ముఖం మాత్రం బోసిగా ఉంది.

"అమ్మా సంధ్యా, నిన్న పూజలో దేన్నైనా వదిలేసినారా?"

"వదిలితే దానికే రిపేర్ వస్తాదని మా మేనేజర్‌కి భయం సార్. ఫైర్ సిలిండర్‌కి పెట్టినా. పంచింగ్ మిషన్‌కి పెట్టినా. ఆయన బట్టతల వంచుంటే దానికీ పెట్టేసేదాన్ని."

"మరి దీనికి?"

సంధ్య వంగి చూసింది. నవ్వు ఆగిపోయింది. "ఇది పూజప్పుడు లేదు సార్. సాయంత్రం ఎవరో తెల్లాయన వచ్చి, టెంపరేచర్ సెన్సర్ అని బిగించిపోయినాడు."

పూజ తర్వాత వచ్చిన పెట్టె. అంబిక చెప్పింది రెండు నెలలని. పాత సామాను వెనక పరిగెత్తించి, కొత్తదాని వైపు చూడనివ్వలేదు. కొంగకి రెండు రెక్కలుంటే ఆవిడ రెండోది.

"లింకు కేబుల్ దీన్లోంచే పోతా ఉండాది," అంది సంధ్య. "దాన్ని పీకి నేరుగా స్విచ్‌లో పెట్టేస్తే చాలు. కానీ మూతకి స్క్రూలు."

"స్క్రూడ్రైవర్?"

ఇద్దరూ పళ్ళెం వైపు చూశారు.

"రేపటి దాకా కదపకూడదు సార్," అంది సంధ్య నీరసంగా.

లాప్‌టాప్‌లో వోస్ చెయ్యెత్తాడు. "దూరం అంటే ఏమిటో ఇప్పుడు మీ కళ్ళతో మీరే చూడండి!"

ఆదినారాయణప్ప పళ్ళెంలో చెయ్యి పెట్టాడు. స్క్రూడ్రైవర్ కళ్ళకద్దుకున్నాడు. "తప్పైతే నా ఖాతాలో వేసుకోమ్మా." కుంకుమ అంటిన పిడి వేళ్ళ మధ్య జారుతుంటే ఒక స్క్రూ తిప్పాడు, ఇంకోటి తిప్పాడు, మూతని గోళ్ళతో పెకలించాడు. లోపల ఎర్ర దీపం మెరవడం మొదలైంది. సంధ్య కేబుల్ లాగి స్విచ్‌లోకి గుచ్చింది. దీపం ఎర్రగా వెలిగి, చేసేందుకు పనేమీ లేక ఆరిపోయింది.

హోటల్ స్క్రీన్ మీద ఆసుపత్రులన్నీ పచ్చగా ఉన్నాయి. వోస్ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. చూశాడు, మళ్ళీ చూశాడు, మంచినీళ్ళు తాగాడు. దూరమైనా ఏమీ కాదని చూపించాడనుకుని ఆసుపత్రుల పెద్దలు చప్పట్లు కొట్టారు.

అప్పుడు సన్నాయి ఆగి మోహన్‌కుమార్ లైన్లోకి వచ్చాడు. "శుభవార్తప్పా. ఢిల్లీ పర్మిషన్ ఇచ్చింది."

"ఆ పర్మిషన్‌తో ఎయిర్‌పోర్టులో అంబికని దేశం దాటకుండా ఆపించండి సార్."

సాయంత్రానికి వోస్ హోటల్లో దొరికాడు, అంబిక బోర్డింగ్ గేటు దగ్గర దొరికింది. ఢిల్లీ టీమ్ వచ్చేదాకా ఆమెకి కాపలా ఆదినారాయణప్పదే. కిటికీ లేని గది, రెండు కుర్చీలు. నల్లద్దాలు తీసేస్తే ఆవిడ కళ్ళ కింద అలసట కనిపించింది.

"ఎట్ల కనుక్కున్నావప్పా?"

"దానికి బొట్టు లేదు."

అంబిక అర్థంకానట్టు చూసింది. తర్వాత నుదురు కొట్టుకుని నవ్వింది. "కోలార్లో పుట్టి, బొట్టు సంగతి తెలీని తెల్లోణ్ణి పంపినా చూడు. మా అమ్మ బతికుంటే చెంప పగలగొట్టేది." కాస్త ఆగి అడిగింది. "పొద్దున్నుంచి ఏమీ తినలేదు. ఇక్కడ ఏమన్నా ఇస్తారా?"

ఆదినారాయణప్ప తన టిఫిన్ బాక్సు మూత తీసి ఆమె ముందుకు జరిపాడు. పెరుగన్నం, మీద దానిమ్మ గింజలు.

"నాకా? మోసం చేసిన దానికా?"

"వెల్డోరాలో మంచు పడ్డ వారం గుర్తుండాదా? నేను దాక్కోనుంటే బయట దొరికేదంతా మాంసమే. రెండు పూటలు పస్తు. నువ్వు కోటు లోపల దాచి పెరుగన్నం తెచ్చినావు. అప్పుడు నువ్వు ఎవరి మనిషివో నాకు తెలీదు. ఇప్పుడూ సరిగ్గా తెలీదు. ఆ అన్నం మాత్రం అబద్ధం కాదు. బాకీ ఉండిపోయింది."

ఆమె తల వంచుకుని తింది. అడుగంటా తుడిచింది. వేలు నాకుతూ తలెత్తింది.

"ఊరమిరపకాయ లేదా అప్పా?"

"బాకీ తీర్చినానమ్మా," అన్నాడు ఆదినారాయణప్ప బాక్సు మూత పెడుతూ. "వడ్డీ అడగొద్దు."