మందు గిన్నె

"రేపు పొద్దున్నే నాకు పరీక్ష పెట్టుకుని ఇవాళ కూరలో ఉప్పు కుమ్మరిస్తావా? నా ఉద్యోగం ఊడితే గానీ నీకు మనశ్శాంతి లేదా!"

కంచం గిర్రున తిరిగి గోడకు కొట్టుకుంది. ఉడికించిన కాయగూర ముక్కలు గచ్చంతా చెల్లాచెదురయ్యాయి. బస్సు డ్రైవరుగారికి అరికాలి మంట నెత్తికెక్కడానికి కారణం లేకపోలేదు లెండి. ఏటా ఒకసారి డిపోలో డాక్టర్లు డ్రైవర్లందరినీ పరీక్షిస్తారు. షుగరు, బీపీ హద్దు దాటితే స్టీరింగు ముట్టుకోనివ్వరు. ఆయనకు ఆ రెండూ ఉన్నాయి. అయినా ఇన్నేళ్ళుగా ప్రతిసారీ గట్టెక్కుతున్నాడంటే అది ఆ వంటింటి చలవే!

భార్య నేల మీద కూర్చుని ముక్కలు ఏరుతోంది. "పొరపాటైందండీ... వంటింట్లో బల్బు మసగ్గా ఉంది. ఉప్పు వేశానో లేదో తెలియక మళ్ళీ వేసినట్టున్నాను..."

"మొన్ననే కదే కొత్త బల్బు పెట్టాను! మళ్ళీ బల్బేనా?"

"చేతగానితనానికి బల్బుని ఆడిపోసుకోవడం ఎందుకమ్మా!" మంచం మీద నుంచి అత్తగారు అందుకుంది. ఆవిడ బుగ్గన మిఠాయి ఉంది కాబట్టి తిట్టు కాస్త మెత్తగా వచ్చింది. బట్టల కొట్లో బిల్లులు వేసి అప్పుడే ఇల్లు చేరిన కూతురు, చేతిలో వేపుడు పొట్లంతో గుమ్మంలోనే ఆగిపోయింది. ముగ్గురూ నేల మీదున్న ఇల్లాలినే చూస్తున్నారు. ఆమె ముక్కల్ని చూసి ఏరడం లేదనీ, అరచేత్తో గచ్చు తడుముతూ ఏరుతోందనీ ఒక్కరికీ అనుమానం రాలేదు!

ఆ ఇంట్లో ఒక చిన్న గిన్నె ఉంది. ఆయనకు జబ్బు బయటపడ్డ రోజు నుంచీ దానికి మందు గిన్నె అని పేరు. అందులో ఆయన ఒక్కడికే వంట. నూనె చుక్కల్లో, ఉప్పు చిటికెల్లో, పూటకో ఆకుకూర, పొట్టు తీయని పప్పు, ముడి ధాన్యపు రొట్టె. ఆవిడ పొద్దున్నే బజారుకు వెళ్ళి లేత కాయలు ఏరి తెచ్చి, ఆయన డ్యూటీకి బయలుదేరే వేళకు వేడివేడిగా డబ్బా సర్ది ఇచ్చేది. మొగుడి ప్రాణాన్ని గుప్పిట్లో పెట్టుకుని కాపాడింది తల్లి! పెద్ద గిన్నెల్లో మిగతావాళ్ళ వంట వేరే. అత్తగారికి వేపుళ్ళు లేనిదే ముద్ద దిగదు, రెండు పూటలా తీపి ఉండాలి. కూతురికి రోజూ బయటి పొట్లాలే కావాలి, సగం తిని "చాలమ్మా" అని పక్కన పెడుతుంది.

మరి ఆవిడ? ఆవిడ తిండి సంగతి ఎవరు పట్టించుకున్నారు కనుక! అందరూ తిన్నాక పొయ్యి గట్టు దగ్గర నిలబడి, నిన్నటి వేపుడు మాడు, అత్తగారు వద్దన్న మిఠాయి ముక్కలు, చల్లారిన పొట్లం అడుగు అన్నీ కలిపి నోట్లో వేసుకునేది. పారేయడానికి చేతులు రావు మరి. మందు గిన్నెలో మిగిలినా దాని జోలికి వెళ్ళేది కాదు. "అది రోగి తిండి! ఒంట్లో బాగున్నవాళ్ళు తింటే లేని రోగం వస్తుంది" అని మొదట్లోనే అత్తగారు తేల్చి చెప్పింది. జబ్బు లేనివాళ్ళు మందు మింగకూడదు కదా, ఇదీ అంతే అని అందరూ నమ్మారు. ఆవిడైతే ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డానికి కూడా ఆ కూర నాలుక మీద వేసుకోలేదు. ఇలాంటి తెలివి ఉన్న ఇల్లు అదొక్కటే అయితే బాగుండును!

మర్నాడు సాయంత్రం డ్రైవరుగారు ఈలలు వేసుకుంటూ ఇంటికొచ్చాడు. "అమ్మా, పాసయ్యాను! నా రక్తం చూసి కుర్రాళ్ళు కుళ్ళుకుంటున్నారనుకో! ఏం చేస్తున్నారని డాక్టరు అడిగితే చెప్పాను. నా నోరు నేను కట్టుకున్నానండీ, అదీ రహస్యం అన్నాను!"

"నా కొడుకు పట్టుదల అలాంటిది మరి!" అంది అత్తగారు.

వంటింట్లో ఆ మాట విన్న ఆవిడ మనసు చివుక్కుమంది... మాట వరసకైనా నా పేరు ఎత్తలేదే! అనుకుంది. అంతలోనే, పోనీలే, గట్టెక్కాడు, అంతే చాలు అని సరిపెట్టుకుని, మంచినీళ్ళ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. బల్ల అక్కడ లేదు. బెత్తెడు అవతల ఉంది. గ్లాసు నేల మీద భళ్ళున పగిలింది.

"ఏమైందే నీకు నిన్నటి నుంచీ!" ఆయన ఒంటికాలి మీద లేచాడు.

కూతురు మాత్రం గాజుపెంకులు ఏరడం మాని తల్లి మొహం వైపు చూసింది. మెల్లగా కుడిపక్కకు వెళ్ళి, తల్లి కంటికి దగ్గరగా చెయ్యి ఆడించింది. రెప్ప కదల్లేదు!

"అమ్మా... నా చెయ్యి కనబడుతోందా?"

"ఏ చెయ్యే?" అంది ఆవిడ అమాయకంగా.

కూతురు తల్లి చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు నడిపించింది.

కంటి ఆస్పత్రిలో డాక్టరమ్మ చాలాసేపు దీపం వేసి చూసింది. వేలి నుంచి రక్తం చుక్క తీసి చూసింది. ఆ పైన అడిగింది. "షుగరు వచ్చి ఎన్నేళ్ళయిందమ్మా?"

"షుగరు నాకు కాదండీ, మా ఆయనకి" అంది ఆవిడ గబగబా, ఎవరో పొరపాటున తన పేరు పిలిచినట్టు.

"మీకే ఉందమ్మా. చాలాకాలం నుంచే ఉండి ఉంటుంది, మీరు చూపించుకోలేదు. కంటి లోపల రక్తనాళాలు చిట్లాయి. కుడికంటి చూపు ఇక రాదు. ఎడమకంటికి లేజరు చేసి కాపాడటానికి చూస్తాను. కానీ నేను ఎంత చేసినా మీరు తిండి మార్చకపోతే అదీ పోతుంది." డాక్టరమ్మ కూతురి వైపు తిరిగింది. "అమ్మ రోజూ ఏం తింటారు?"

కూతురు నోరు తెరిచింది. నాన్న ఏం తింటాడో తెలుసు. నాయనమ్మకు ఏది ఇష్టమో తెలుసు. పుట్టినప్పటి నుంచీ ఒకే కప్పు కింద ఉంటూ, తల్లి కంచంలో ఏముంటుందో ఏనాడూ చూసిన పాపాన పోలేదు! "నాన్నకి నూనె, ఉప్పు తగ్గించి వేరే వండుతుంది... అమ్మ ఏం తింటుందో నాకు తెలియదండీ" అని బావురుమంది.

"ఇంట్లో మీ ఆయనకి ఇంత పద్ధతిగా వండుతున్నారు కదా, అదే మీరూ తినొచ్చు కదమ్మా!" డాక్టరమ్మ మళ్ళీ ఆవిడ వైపు తిరిగింది. " అది రోగుల తిండి కాదు, అందరూ తినాల్సిన తిండి!"

"అది మందు గిన్నెండీ..." అంది ఆవిడ. "బాగున్నవాళ్ళు తినకూడదని..." ఆ మాట తన చెవికే ఎలా వినిపించిందో ఏమో, అక్కడితో ఆపేసి తల దించుకుంది.

ఇంటికొచ్చాక కూతురు సంగతంతా చెప్పింది. అత్తగారు మంచం దిగి వచ్చి కోడలి చేతులు పట్టుకుంది. "నా నోరు పడిపోను! నేనే కదమ్మా ఆ గిన్నె ముట్టుకోవద్దన్నాను! నేను వద్దన్న తీపంతా నీ పొట్టలోకే పోతోందని ఒక్కనాడూ తోచలేదే..." అని కుళ్ళికుళ్ళి ఏడ్చింది. కోడలు చేతులు వెనక్కి తీసుకోలేదు. దగ్గరకూ తీసుకోలేదు.

డ్రైవరుగారు కుర్చీలో కూలబడ్డాడు. "కళ్ళు కనబడటం లేదని నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదే!"

"మసగ్గా ఉందని చెప్పాను. మీరు బల్బు మార్చారు."

ఆయన మొహం పాలిపోయింది.

"మిమ్మల్ని తప్పుపట్టడం లేదండీ," అందావిడ. గొంతులో ఏడుపు లేదు, అందుకే వినడానికి మరీ కష్టంగా ఉంది. "నన్నెవరూ బలవంతం చేయలేదు. కానీ ఇన్నేళ్ళలో మీలో ఒక్కరైనా వంటింట్లోకి తొంగిచూసి, నువ్వు తిన్నావా, ఏం తిన్నావు అని అడిగి ఉంటే... నేను సిగ్గుపడైనా కంచం పెట్టుకుని కూర్చునేదాన్ని కదా! మీ రక్తం ఏటా ఒకసారి డిపో వాళ్ళు చూశారు. నాది చూడటానికి నాకో డిపో అయినా లేకపోయింది!"



లేజరు అయిపోయిన వారానికి డ్రైవరుగారు డ్యూటీకి సెలవు పెట్టి పొయ్యి దగ్గర నిలబడ్డాడు. కూతురు కాయగూరలు తరిగింది. పొట్లాలు మానేసింది. అత్తగారు తీపి డబ్బా పక్కింటివాళ్ళకు ఇచ్చేసి, మొహం ముడుచుకునైనా పప్పు ఏరుతూ కూర్చుంది. పెద్ద గిన్నెలో అందరికీ ఒకటే వంట. నూనె ఎంత, మంట ఎంత అని ఆయన ప్రతిదీ అడుగుతుంటే ఆవిడ బల్ల దగ్గర కూర్చుని చెబుతోంది. ఆవిడకు కంచం పెట్టుకుని కూర్చోవడం చేతకావడం లేదు. మధ్యమధ్య లేవబోతుంది, కూతురు భుజం పట్టి కూర్చోబెడుతుంది.

ముందు ఆవిడకే వడ్డించాడు ఆయన. పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలింది. "బాగానే ఉంది," అంది నెమ్మదిగా. "నేను వండినది ఎప్పుడూ ఇలాగే ఉండేదా?"

ఆ మాటతో ఆయనకు దుఃఖం పొంగుకొచ్చింది. అరచేతులతో నోరు నొక్కుకున్నాడు. పెద్ద మీసాల మనిషి, కన్నీళ్ళు గడ్డం మీదుగా కారుతుంటే చప్పుడు రానీయకుండా ఏడుస్తూ ఉండిపోయాడు. చూడలేక అత్తగారు మొహం తిప్పుకుంది.

ఆవిడ ఇంకో ముద్ద తింది. మరో ముద్ద కలుపుతూ అంది. "మీ నాన్న అప్పుడే వెళ్ళిపోయాడేమిటే? వండింది తినకుండానే!"

"ఇక్కడే ఉన్నాడమ్మా..." అంది కూతురు. "నీ పక్కనే. కుడివైపు."

ఆవిడ చెయ్యి ఆగింది. తల అటు తిప్పబోయి మానేసింది.

"అటు కూర్చుంటే నాకెలా తెలుస్తుంది?" అంది మెత్తగా. "ఎడమవైపుకి రమ్మను. ఉన్న కాస్త చూపూ అటే."