గాలి తీసే చప్పుడు

సిర్‌దర్యా నది గట్టు మీద, వరిమళ్ళకి నీళ్ళు తోడే డీజిల్ పంపు షెడ్డు ఒకటుంది. పొద్దుగూకితే అటు ఎవరూ పోరు. ఇంజను ఆపేసి ఉంటుంది. తలుపుకి తాళం ఉంటుంది. లోపల మాత్రం — టక్… టక్… టక్…

గొట్టాల్లో చేరిన గాలిని బయటికి తోసి, డీజిల్‌ని ఇంజను దాకా తెచ్చే చేతిమీట చప్పుడది. మూడేళ్ళ కిందట, తిరుగుతున్న బెల్టు చొక్కా చెయ్యి పట్టి లాగేయడంతో, పంపు నడిపే సాగిండిక్ అక్కడే పోయాడు. అప్పట్నించే ఆ చప్పుడని చెప్పుకుంటారు.

సాగిండిక్ తమ్ముడు ఎస్బోల్. పంపు అతని చేతికొచ్చింది. వాళ్ళ ఆచారం ప్రకారం వదిన కున్‌సులు కూడా అతనికే భార్య అయింది. మనిషైతే వచ్చింది, మనసు వచ్చిందో లేదో అతనికి తెలీదు. ప్రతి శుక్రవారం, పోయినవాళ్ళ కోసం నూనెలో రొట్టెలు వేస్తుంది. మొదటి రొట్టె ఎవరికో అతనికి తెలుసు. ఆ వాసనకే కడుపు మండిపోయేది.

పైగా ఊరు ఊరుకోదు. "మీ అన్న చెయ్యి పడితే ఇంజను ఒక్కసారికే అందుకునేదిరా! నీ చేతిలో ముసలి ఒంటెలా దగ్గుతోంది" అని టీ దగ్గర నవ్వేవాళ్ళు.

ఆ వారం ఇంజనుకి డీజిల్ ఫిల్టరు మార్చాడు. దగ్గు ఇంకా ఎక్కువైంది.

మూడో రాత్రి మెలకువొచ్చి చూస్తే — పక్కన కున్‌సులు లేదు. మేకుకి షెడ్డు తాళంచెవి లేదు.

సిగరెట్ వెలిగించుకుని గట్టెక్కేసరికే వినిపించింది. టక్… టక్… తలుపు సందులోంచి లాంతరు వెలుతురు. లోపల ఆడగొంతు, గుసగుసగా.

అన్నతో మాట్లాడుతోంది…

భయం కాదు, కోపం. తలుపు ఒక్క తోపు తోశాడు.

కున్‌సులు ఒక్కతే! జుట్టు రుమాలులో బిగించి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, మీట కొడుతోంది.

"ముందా సిగరెట్ బయట పారేసి రా, మరిదీ. కింద డీజిల్ కారుతోంది."

పెళ్ళయి రెండేళ్ళయినా అదే పిలుపు.

"ఎవరితో మాట్లాడుతున్నావ్?"

"లెక్కపెట్టుకుంటున్నా. నువ్వు ఇరవై కొట్టి వదిలేస్తావు. ఫిల్టరు నిండేదాకా కొట్టాలి, మీ అన్న నేర్పాడు. ఊరు నిన్ను చూసి నవ్వుతుంటే వినలేక వచ్చాను."

ఎస్బోల్ బయటికి నడిచాడు. సిగరెట్ ఇసుకలో నలిపొచ్చాడు. ఇంజను తిరగకుండా బ్యాటరీ తీగ తీసి ఉందని చూసుకుని మీట అందుకున్నాడు. గాలి పోయేలా ఫిల్టరు నెత్తిన మరమేకు కొంచెం వదులు చేసి ఉంది. అక్కణ్ణుంచి మొదట నురగ… తర్వాత బుడగలు… చివరికి బుడగన్నది లేని డీజిల్.

"ఇప్పుడు బిగించు" అంది మెల్లగా.

బిగించాడు. కారినదంతా గుడ్డతో తుడిచాడు. గుండెల మీంచి అన్న దిగిపోయినట్టయింది. బయటికొచ్చి తాళం వేస్తూ నవ్వాడు.

"అయితే ఈ మూడేళ్ళూ ఊరిని భయపెట్టింది నువ్వేనన్నమాట!"

"మూడేళ్ళేంటి? నేనొచ్చింది నిన్నా ఇవాళేగా…" అని ఆగిపోయింది.

తాళం వేసిన తలుపు వెనక — టక్… టక్… టక్…

తొందర లేకుండా. ఓపిగ్గా.

ఎస్బోల్ ఆమె చెయ్యి పట్టి లాగాడు. కదల్లేదు. లాంతరెత్తి మొహంలోకి చూశాడు. భయం లేదక్కడ. పెదాలు కదులుతున్నాయి.

లెక్కపెడుతోంది.