పేషెన్స్‌ను చంపిందెవరు?

"మా అమ్మ పోయి ఆరు రోజులైంది మేడమ్. ఇంకా శవాల గదిలోనే ఉంది!" అంటూ లొరేనా బ్యాస్ కుర్చీలో కూలబడింది. కంట్లో చుక్క నీరు లేదు, ఉన్నదంతా కోపమే.

పాత వీలునామాలు తవ్వి వంశాల గుట్టు లాగడంలో వర్జీనియాలో ఒడెస్సా ట్రెంట్‌ను మించిన ప్రైవేట్ డిటెక్టివ్ లేదు. ఆ మాట ఎవరడిగినా, అడక్కపోయినా చెప్పేవాడు ఆమె సహాయకుడు పర్సీ, రిటైరైన పోస్ట్‌మాన్.

సంగతేమిటంటే, 1771లో పోయిన జోసయ్య హార్‌గ్రోవ్ తన శ్మశానం తన సంతతికే చెందాలని వీలునామా రాశాడు. అందులోనే పేషెన్స్‌కు ఒక ఆవు, ఒక పరుపు ఇచ్చాడు, తనకేమవుతుందో మాత్రం రాయలేదు. ఆమె నల్లజాతి కమ్మరితో కాపురం చేసింది. లొరేనా వాళ్లది ఆ వంశమే.

"అక్కడే పడుకోబెడతానని అమ్మకు మాటిచ్చా. పెత్తనమంతా థర్‌స్టన్ హార్‌గ్రోవ్‌ది. అమ్మ బతికుండగానే, నెల కిందట, వివరాలన్నీ రాసి ఉత్తరం పంపా. వీలునామాలోని పేషెన్స్ పనిమనిషట! జోసయ్య కూతురు పేషెన్స్ వేరేనట, పసితనంలోనే పోయిందట, వాళ్ల బైబిల్లో రాసుందట! 'మీవాళ్ల శ్మశానం వేరే ఉందిగా' అన్నాడు మేడమ్, నా మొహం మీదే!"

పర్సీకి నెత్తురు మరిగింది.

మర్నాడు థర్‌స్టన్ బీరువా తాళం తీసి ఆ కుటుంబ బైబిల్ తెరిచి చూపించాడు. పుట్టుకల పేజీని పురుగులు తినేశాయి. పేషెన్స్ పేరుంది, ఏడాది లేదు. చావుల పేజీలో మాత్రం ఉంది: "పేషెన్స్, కూతురు. 1752 సెప్టెంబర్ 8. వయసు నాలుగు."

"ఈ బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?" అంది ఒడెస్సా.

"నా దగ్గరొకటి, మా అక్క ఎడిత్ దగ్గరొకటి."

"లొరేనా ఉత్తరం ఆవిడ చదివారా?"

"నా ఉత్తరాలు నేనే విప్పుతా, నేనే దాస్తా. ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకోను."

ఒడెస్సా పర్సీని చర్చి రిజిస్టర్లు వెతకమంది. జోసయ్య కూతురు పేషెన్స్ 1745లో పుట్టిందని అతను రాసుకొచ్చాడు.

రెండ్రోజుల తర్వాత చర్చి పాస్టరు ఎదుట అందరూ కూర్చున్నారు.

"1752 సెప్టెంబర్ 8న ఇక్కడ ఒక్క ప్రాణీ పోలేదు," అంది ఒడెస్సా. "అసలు ఆ రోజే లేదు! ఆ ఏడు, అప్పట్లో వర్జీనియాను ఏలుతున్న ఇంగ్లండ్ కేలెండర్ మార్చింది. రెండో తేదీ రాత్రి పడుకున్నవాళ్లు పద్నాలుగున లేచారు. ఆనాటివాళ్లెవరూ ఈ తేదీ వెయ్యరు. ఇది నిన్నమొన్నటి రాత."

"తాళం అక్క దగ్గర కూడా ఉందిగా!" అన్నాడు థర్‌స్టన్.

"నా మీదకు తోస్తావురా?" ఎడిత్ గయ్యిమంది.

"ఆగండమ్మా. లొరేనా, ఉత్తరంలో పేషెన్స్ ఎప్పుడు పుట్టిందని రాశావు?" అంది ఒడెస్సా.

"1748 అని. అయ్యో, చర్చి రిజిస్టర్లో ఆ పాత రాత చూసి అయిదును ఎనిమిది అనుకున్నా!"

"నిజానికి 1745. అంటే 1752కి పిల్లకు ఏడేళ్లుండాలి. బైబిల్లో నాలుగుంది. లొరేనా చేసిన తప్పు తెలిస్తేనే ఆ లెక్క వస్తుంది. అది ఉత్తరంలో తప్ప ఎక్కడా లేదు. ఆ ఉత్తరం ఇంకెవరూ ముట్టలేదని మీరే చెప్పారు, థర్‌స్టన్ గారూ. తల్లిని పూడ్చుకోనివ్వకుండా చేయడానికి, రెండొందల యాభై ఏళ్ల కిందటి పసిపిల్లను చంపారు. సిగ్గుందా మీకు?"

పర్సీ చప్పట్లు కొట్టబోయి తమాయించుకున్నాడు.

"ఈ రాత కొట్టేస్తే వీలునామాలో ఉన్నది కూతురే. ఆ చోటు ఈమె హక్కు," అన్నాడు పాస్టరు.

థర్‌స్టన్ నేలచూపులు చూశాడు. "సరే... చీకటిపడ్డాక తెచ్చుకోండి. జనం చూడకుండా."

లొరేనా దిగ్గున లేచింది.

"దొంగతనంగా పూడ్చడానికి మా అమ్మేం దొంగసొమ్మా? ఆదివారం పదకొండింటికి, చర్చి వదిలే వేళకు తెస్తాం. టోపీ తీసి గేటు దగ్గర నిలబడండి. ఆవిడ మీకు చుట్టం."