పార్టిషన్‌కు అటువైపు

మా స్కూల్లో నా క్లాసుకీ ఏడో తరగతికీ మధ్య ఉన్నది గోడ కాదు, చెక్క పార్టిషన్. ఇటు నేను లెక్కలు చెబుతుంటే అటునుంచి ఒకటే నవ్వులు. కొత్త బైబిల్ టీచర్ పీరియడ్ అది. మూడోసారి స్కేలు పట్టుకుని నేరుగా వెళ్లాను.

“ఇది బైబిల్ క్లాసా మేడమ్, సంతా?”

“సారీ సార్. తప్పు నాదే,” అంది, నలభై మంది పిల్లల ముందే.

పోట్లాటకు సిద్ధపడి వెళ్లిన నేను స్కేలు దించుకుని వెనక్కి వచ్చేశాను. స్టాఫ్‌రూంలో మళ్లీ కదిపాను.

“పిల్లల ముందు సారీ చెబితే మన పరువేం కావాలండీ?”

“పోతే పోనివ్వండి. ప్రతి శుక్రవారం క్లాసులో మొదట నా తప్పు నేను చెబుతాను, తర్వాత వాళ్లవి వాళ్లు. ప్రార్థనలో కునికిపాట్లు పడ్డానని చెప్పాను. అందుకే ఆ నవ్వులు.”

“మరి వాక్యాలు కంఠతా పట్టించరా?”

“ముందు పాటించనివ్వండి సార్. కంఠతా దానంతటదే వస్తుంది.”

రాలేదు. పిల్లలు వాక్యాలు అప్పజెప్పకపోతే ఈ టర్మ్‌తో ఆమె ఉద్యోగం ఆఖరని కరస్పాండెంట్ గారు ముందే చెప్పారు. అప్పటికి నా పరిస్థితి ఏమిటంటే, ఆ నవ్వులు వినపడని రోజు నాకు టీ కూడా సహించడం లేదు.

ఆయన వాక్యాలు వినడానికి వచ్చిన రోజు, ఏడో తరగతికీ లెక్కలు చెప్పేది నేనే కాబట్టి, నేనూ స్కేలు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఒకడు సగంలో ఆగాడు. ఇంకొకతె నీళ్లు నమిలింది.

“మరి మేడమ్ మీకేం నేర్పినట్టు?” అన్నారాయన.

ఫస్ట్ ర్యాంకు అమ్మాయి లేచింది. “తప్పు తెలిసిన రోజే చెప్పెయ్యాలని సార్. లెక్కల పేపర్లో నాకు రెండు మార్కులు ఎక్కువ పడ్డాయి. ఇప్పుడే కూడి చూసుకున్నాను.”

“తీసేస్తే ర్యాంకు పోతుందేమో?” అని అడిగారాయన.

“పోతుంది సార్.” ఆ పిల్ల కళ్లలో నీళ్లు.

అందరూ నావైపు తిరిగారు. లెక్కల మాస్టారికి కూడికలు రావన్నమాట. ఏదో సాకు నాలుక చివరిదాకా వచ్చింది. బైబిల్ టీచర్ నన్నే చూస్తోంది.

“తప్పు నాదే తల్లీ. సారీ,” అన్నాను.

ఎవరూ నవ్వలేదు. కరస్పాండెంట్ గారు రిజిస్టర్ మూసేశారు. “వాక్యాలు తర్వాత వింటాను. మేడమ్ మాత్రం ఎక్కడికీ వెళ్లరు. ఈ శుక్రవారం నేనూ వస్తానమ్మా. చెప్పుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.”

నాకు గంతులేయాలనిపించింది. పక్కనున్న నా ఖాళీ క్లాసులోకి వచ్చి పడ్డాను. వెనకే ఆమె వచ్చింది.

“మీ స్కేలు మర్చిపోయారు సార్.”

“మర్చిపోలేదండీ, వదిలేశాను. ఇంకో తప్పు కూడా చెప్పెయ్యాలి. నెలన్నరగా మీరంటే ఇష్టం. తెలిసిన రోజే చెప్పలేదు.”

ఆమె స్కేలు బల్ల మీద పెట్టింది.

“నాదీ అదే తప్పు సార్,” అంది మెల్లగా. “ఆదివారం వచ్చి మా అమ్మతో మాట్లాడండి.”

పార్టిషన్ అవతల నలభై జతల చేతులు ఒక్కసారిగా చప్పట్లు కొట్టాయి. బల్లలు కూడా మోగాయి. ఈసారి నేను ఫిర్యాదుకి వెళ్లలేదు.