వెయ్యిన్నొకటి ముసుగు

"ఒక్కటే ఛాన్స్, చీమా. తప్పు నంబర్ కొడితే క్లోరిన్ ట్యాంకు పేలుతుంది. కొట్టకపోయినా పన్నెండింటికి పేలుతుంది."

చెవిలోని బటన్ రేడియోలో చీఫ్ గొంతు. నీటి శుద్ధి ప్లాంటులో ట్యాంకుకు విదేశీ ముఠా బిగించిన ఉక్కుపెట్టె ముందు ఏజెంట్ చీమ మోకాళ్ల మీద కూర్చుని ఉంది. పెట్టె మీద తొమ్మిది గళ్లు, పక్కన టైమర్. ఇంకా నాలుగు నిమిషాలు.

గాజు తలుపు అవతల ఆమె బావ. ఈ ప్లాంటు ఆపరేటర్ అతనే. ముఠా విరగ్గొట్టిన వాల్వును రెండు చేతులా నొక్కి పట్టుకున్నాడు. వదిలాడంటే గ్యాసు ఊరి మీద పడుతుంది.

"తొందరేం లేదు మరదలా. చేతులు నావేనా అని అనుమానమొస్తోంది, అంతే."

"కాసేపు నోరు మూసుకో బావా. లెక్క చేసుకుంటున్నా."

ఆలస్యం నంబరు దొరక్క కాదు. ఇటు చీఫ్‌కూ అటు ముఠాకూ కబుర్లు మోసే, నెమలి అనే అందగత్తె పొద్దున్నే పట్టుబడింది. లై డిటెక్టర్ ముందు కూర్చుని, తనకు చెప్పిన నంబర్ ఇదేనంది. 482 919 437. సూది వణకలేదు.

"మెషీన్ నిజమంటోంది. తొమ్మిది గళ్లు, తొమ్మిది అంకెలు. కొట్టు," అన్నాడు చీఫ్.

చీమ వేలు కదల్లేదు. ఊడ్చే మనిషి వేషంలో మూడు నెలలు ముఠా ఆఫీసు చెత్తబుట్టలు ఎత్తింది తను. ఊడ్చేవాళ్ల వంక ఎవరూ చూడరు. ఊడ్చేవాళ్లు అన్నీ చూస్తారు. ఆ చిత్తు కాగితాల మీద ప్రతి నంబరూ ఏడుతోనూ, పదకొండుతోనూ, పదమూడుతోనూ శేషం లేకుండా తెగేది.

482కి 437 కలిపితే 919. నడుమ ఉన్నదీ అదే. ఏడునూ పదకొండునూ పదమూడునూ గుణిస్తే వచ్చే వెయ్యిన్నొకటితో దీన్నీ గుణించారనడానికి అదే గుర్తు. ముఠా ఏ నంబరునూ ఉన్నదున్నట్టు పంపదు. ఇలా గుణించి పంపితే, దారిలో ఒక్క అంకె మారినా భాగారం తెగదు. అందుకున్నవాడు పట్టేస్తాడు.

"సార్, నెమలి మోసిన నంబర్ అదే. పెట్టె తెరిచేది మాత్రం అది కాదు. 1001తో భాగిస్తే 482437. ముందు మూడు సున్నాలు కొట్టాలి."

రేడియోలో వెనకనుంచి ఇంతసేపూ సన్నగా వినబడుతున్న నెమలి నవ్వు ఠక్కున ఆగింది.

"ఊహ మీద ఊరిని పణం పెడతావా? నేను చెప్పిందే కొట్టు. ఇది ఆర్డర్."

"ఆర్డర్ మీది సార్. వేలు నాది."

సున్నా, సున్నా, సున్నా.

"బావా, ఊపిరి బిగబట్టు."

"ఎంతసేపు?"

"అక్కతో కాపురం చేస్తున్నావుగా, నీకు అలవాటే."

నాలుగు, ఎనిమిది, రెండు, నాలుగు, మూడు. టైమర్ మీద రెండు సెకన్లు. ఏడు.

టైమర్ ఒకటి దగ్గర ఆగిపోయింది. పెట్టె మూత నెమ్మదిగా లేచింది.

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "ఆర్డర్ ధిక్కరించావు. సంజాయిషీ రాసివ్వు."

"ఇస్తా సార్. పాటించి ఉంటే సంజాయిషీ ఎవరు రాసేవాళ్లో, అది మీరు రాయండి."